పుకారుకూ ఒక లెక్క ఉంది

కిందటేడాది రంజాన్‌లో కర్నూలులో మా మొహల్లావాళ్లం పదిమందిమి కలిసి నూట యాభై కుటుంబాలకు రేషన్ కిట్లు పంచాలనుకున్నాం. బియ్యం, కందిపప్పు, నూనె, చక్కెర, సేమ్యా, ఖర్జూరం అన్నీ కలిపి ఒక్కో కిట్టు రెండు వేల దాకా పడింది. ఎవరికి ఇవ్వాలో ఇల్లిల్లూ తిరిగి చూసి ముందే టోకెన్లు ఇచ్చాం. గోడకు అంటించిన కాగితం మీద ‘రూ. 2,000 విలువ గల రేషన్ కిట్’ అని ఉంది. రాసింది నేనే.

పంపిణీ ఆదివారం పొద్దున. శనివారం జొహర్ నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర ఎవరో అడిగారు, “రెండు వేలు కూడా ఇస్తున్నారటగా సార్?” అని. నవ్వి ఊరుకున్నాను. ఇఫ్తార్ వేళకు నా ఫోన్‌కే మెసేజ్ వచ్చింది. రేషన్ కిట్టు, రెండు వేల నగదు, ఆధార్ జిరాక్స్ తెస్తే చాలు అని అందులో ఉంది. అప్పటికీ తొందరపడలేదు. తరావీహ్ ముగించుకుని ఇంటికొచ్చి రాత్రి పది దాటాక, నగదు లేదు, టోకెన్ ఉన్నవారికే కిట్టు అని నాకు తెలిసిన గ్రూపులన్నిటిలో పెట్టి పడుకున్నాను.

తెల్లవారి చూస్తే గేటు ముందు వందల మంది. అందులో ఒకామె నందికొట్కూరు నుంచి తొలి బస్సుకు వచ్చింది. చంకలో బిడ్డ. రోజా ఉంది. విషయం చెబితే ఆమె కేకలు వేయలేదు. “ఇస్తారని చెప్పినవాళ్లు నలుగురున్నారు సార్. ఇవ్వరని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు” అని, బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని వెళ్లిపోయింది.

ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పినవాణ్ణి. ఆమె అన్న ఆ నాలుగు, సున్నా అన్న అంకెలు నన్ను చాలాకాలం వదల్లేదు. ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, ఆ లెక్క నాకు అర్థమైనంతవరకు రాస్తానన్నాను. సూత్రాలు లేకుండానే చెబుతాను, భయపడకండి.

దోమ నుంచి మాట దాకా

ఈ లెక్క వంశవృక్షం మనకు దగ్గరలోనే మొదలవుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గర, రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ సంగతి బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ తర్వాత ఆయన చేసిన పని అంతగా తెలియదు. దోమలన్నిటినీ చంపడం ఎలాగూ కుదరదు, కాబట్టి ఈ శ్రమంతా వృథా అని వాదించినవాళ్లకు జవాబు చెప్పడానికి రాస్ కాగితం, పెన్సిలు పట్టాడు. దోమలన్నీ పోనక్కర్లేదని, వాటి సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలునని, అప్పుడు ఒక రోగి నుంచి సగటున ఒక కొత్త రోగి కూడా తయారుకాక జబ్బు తనంతట తానే తగ్గిపోతుందని లెక్కగట్టి చూపించాడు. ఇంకో ముచ్చటైన సంగతి ఉంది. మనిషి నుంచి మనిషికి పాకేవి జబ్బులొక్కటే కావని, సంఘాల్లోనూ పార్టీల్లోనూ చేరడం కూడా ఈ కోవలోదేనని ఆయన అప్పుడే రాశాడు.

రాస్ దగ్గర ఈ లెక్కల రుచి మరిగినవాడు మెక్‌కెండ్రిక్. ఈయనా ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడే. తర్వాత ఎడిన్‌బరోలో కెర్మాక్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిశాడు. ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో కెర్మాక్‌కు రెండు కళ్లూ పోయాయి. లెక్కలన్నీ మనసులోనే చేసుకునే మనిషి. ఈ ఇద్దరూ 1927లో ఒక పత్రం అచ్చు వేశారు. అందులో జనాన్ని మూడు వాటాలు చేశారు. జబ్బు రావడానికి వీలున్నవాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు, జబ్బు నుంచి తేరుకునో చనిపోయో పక్కకు తప్పుకున్నవాళ్లు. తమ లెక్క సరిపోతుందా అని చూసుకోవడానికి వాళ్లు ఎంచుకున్నది 1905 డిసెంబరు నుంచి 1906 జూలై దాకా బొంబాయిలో ప్లేగు మరణాల పట్టిక. కరోనా రోజుల్లో టీవీల్లో చూసిన గ్రాఫులన్నీ ఆ పత్రం మనవళ్లూ మునిమనవళ్లే.

పుకారు ఈ కథలోకి వచ్చింది 1964లో. డేలీ, కెండాల్ అనే ఇద్దరు గణితవేత్తలు ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న లేఖ రాశారు. పుకారుకూ జబ్బుకూ పోలిక అందరూ చెబుతారు, కానీ ఆ రెండింటికీ ఒక అసలైన తేడా ఉందన్నది దాని సారాంశం.

తేడా ఏమిటంటే, జ్వరం వచ్చినవాడు కొన్నాళ్లకు తనంతట తాను కోలుకుంటాడు. పక్కవాడికి జ్వరం ఉందా లేదా అన్నదానితో అతని కోలుకోవడానికి సంబంధం లేదు. పుకారు చెప్పేవాడు అలా కాదు. అతను ఎప్పుడు ఆపేస్తాడు? అబద్ధమని తేలినప్పుడు కాదు. “ఆ, మాకు పొద్దున్నే తెలుసు” అని ఎవరైనా అన్నప్పుడు. చెప్పడంలోని సరదా ఎదుటివాడికి తెలియకపోవడంలో ఉంది. అది పోగానే నోరు మూతపడుతుంది. కాబట్టి ఇక్కడ కూడా మూడు వాటాలే, పేర్లు మాత్రం వేరు. విననివాళ్లు, చెబుతున్నవాళ్లు, విని చెప్పడం మానేసినవాళ్లు.

వెయ్యి మంది పేట

1973లో మకీ, థాంప్సన్ అనే ఇద్దరు ఈ లెక్కను ఇంకా సులువు చేశారు. వాళ్ల పద్ధతిలోనే చూద్దాం. ఒక పేటలో వెయ్యి మంది ఉన్నారనుకోండి. ఒకడికి పుకారు తెలిసింది. అతను కళ్లు మూసుకుని ఎవరో ఒకరిని ఎంచుకుని చెబుతాడు. విన్నవాడికి కొత్తయితే వాడూ చెప్పడం మొదలుపెడతాడు. పాతయితే, చెప్పినవాడు చిన్నబోయి అక్కడితో మానేస్తాడు. నియమం ఇంతే.

మొదట్లో ఎవరికి చెప్పినా కొత్తే, అందుకే చెప్పేవాళ్లు పెరుగుతూ పోతారు. సరిగ్గా సగం పేటకు, అంటే ఐదువందల మందికి తెలిసేసరికి ఆట తిరగబడుతుంది. అప్పటి నుంచి చెప్పినప్పుడల్లా కొత్త మనిషి తగిలే అవకాశం కంటే పాత మనిషి తగిలే అవకాశమే ఎక్కువ. ఆ క్షణాన లెక్కగడితే 307 మంది ఇంకా చెబుతూ ఉంటారు, 193 మంది అప్పటికే మానేసి ఉంటారు. ఆ తర్వాత చెప్పేవాళ్లు తరుగుతూ వచ్చి చివరికి ఎవరూ మిగలరు. అప్పటికి సుమారు 797 మంది విన్నట్టు, 203 మంది చెవిన అసలు పడనట్టు తేలుతుంది. పేటలో వెయ్యి మంది కాక లక్ష మంది ఉన్నా ఈ నిష్పత్తి ఇంతే. గంటకొకరికి చెప్పినా నిమిషానికొకరికి చెప్పినా ఇంతే. వేగం మారితే పుకారు ఎప్పుడు ఆగుతుందన్నదే మారుతుంది, ఎంతమందికి చేరుతుందన్నది మారదు.

మా మనవరాలితో కలిసి ఇరవై చీటీలతో ఈ ఆట ఆడి చూశాను. ఒకసారి నలుగురు మిగిలారు, ఒకసారి ఏడుగురు. ఇంకోసారి మూడో మనిషి దగ్గరే పుకారు చచ్చిపోయి, మా పిల్ల ‘ఇదేం ఆట’ అంది. జనం తక్కువైనప్పుడు అదృష్టం పాలు ఎక్కువ. వేలల్లోకి వెళ్తే ఐదింట ఒకరు అన్నది కుదుటపడుతుంది.

ఇందులో నన్ను కూర్చోబెట్టిన లెక్క ఇంకొకటి ఉంది. ఈ పేటలో ఒక్కో మనిషి ఎంతమందికి చెప్పినట్టు? ప్రతి కొత్త శ్రోతా ఎవరో ఒకరు ఒక్కసారి చెబితే తయారైనవాడే. చెప్పే ప్రతివాడూ ఒక్కసారి పాత మనిషి తగిలి ఆగినవాడే. రెండూ కూడితే సగటున ఒక్కొక్కరు చెప్పింది ఇద్దరికి. ఆ ఇద్దరిలో ఒకరికి అప్పటికే తెలుసు. అంటే ఒక్కో మనిషి సగటున ఒకే ఒక్క కొత్త చెవిలో మాట వేశాడు, ఎనభై శాతం పేట విన్నది.

పంపిణీ గొడవ తర్వాత ఆ మెసేజ్ ఎవరు పుట్టించారో పట్టుకోవాలని మావాళ్లు నాలుగు రోజులు తిరిగారు. అడిగిన ప్రతివాళ్లూ ఒకే జవాబు చెప్పారు, “మేము ఎవరికి చెప్పాం సార్, మా వదినకు ఒక్కదానికే” అని. మేము నమ్మలేదు. ఈ లెక్క చదివాక నమ్మాను.

ఇక ఎవరైనా కాస్త మొండివాళ్లయి, మొదటిసారి పాత మనిషి తగిలినా ఆగకుండా రెండోసారి తగిలేదాకా చెబుతారనుకుందాం. విననివాళ్లు వెయ్యికి 203 నుంచి 60 దాకా పడిపోతారు. తలా ఒక్క ప్రయత్నం ఎక్కువ చేసినందుకే ఇంత. తిరగేసి చూద్దాం. విన్నవాళ్లలో సగం మంది ‘మనకెందుకు’ అని పెదవి విప్పకుండా ఊరుకున్నారనుకుందాం. విన్నవాళ్ల సంఖ్య 797 నుంచి 583కి దిగుతుంది. సగం మంది సంయమనం పాటిస్తే దక్కింది ఇంతేనా అని మొదటిసారి నాకు నిరాశ కలిగింది. రాస్ చూపించిన హద్దు లాంటిది, దాని కిందికి దిగితే జబ్బు ఆరిపోయే గీత లాంటిది, ఈ పుకారు లెక్కలో లేదు. చెప్పేవాళ్లు కొద్దిమందే అయినా, విననివాళ్లు దొరికినంతకాలం వాళ్లు ఆగరు కాబట్టి. ఈ తేడాను డేలీ, కెండాల్ మొదటే గుర్తించారు.

ఎందుకు చెబుతారు

మనుషులు చీటీలు కారు. ఏ మాట పడితే ఆ మాట మోయరు. 1934 జనవరి 15న బిహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఆ రోజుల్లో జనంలో తిరిగిన పుకార్లను జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఓపికగా సేకరించి 1935లో అచ్చు వేశాడు. వాటిలో చాలా భాగం రాబోయే మరింత పెద్ద విపత్తుల గురించినవి. ఇరవై ఏళ్ల తర్వాత అమెరికాలో లియోన్ ఫెస్టింజర్ ఆ పత్రం చదువుతూ ఒకచోట ఆగాడు. నేల కదిలింది గాని ఇల్లు కూలని ప్రాంతాల్లో ఈ భయంకరమైన పుకార్లు ఎందుకు పుట్టాయి? భయం కలిగింది, కారణం మాత్రం కంటికి కనిపించలేదు, అందుకే ఆ భయానికి తగిన కారణాన్ని జనం అల్లుకున్నారని ఆయన అన్నాడు. డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడినప్పుడు దుర్గానంద్ సిన్హా చేసిన పరిశీలన దీనికి జోడీ. నష్టాన్ని కళ్లారా చూసినవాళ్లలో అలాంటి పుకార్లు అరుదు.

ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ 1947లో దీన్ని ఒక గుణకారంగా చెప్పారు. విషయం మనకు ఎంత ముఖ్యం అన్నదాన్ని, అది ఎంత అస్పష్టంగా ఉంది అన్నదానితో గుణించాలి. కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏ ఒక్కటి సున్నా అయినా పుకారు సున్నా. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయిన వారంలోనే ఉప్పు దొరకదన్న మాట ఉత్తరాది నుంచి హైదరాబాద్ దాకా పాకింది. ఉప్పు లేని వంటిల్లు లేదు, రేపేం జరుగుతుందో ఆ వారం ఎవరికీ తెలియదు. గుణిస్తే ఎంత వస్తుందో అందరం చూశాం.

మాట చేతులు మారేకొద్దీ పొట్టిదవుతుందనీ, మిగిలిన ముక్క పదునెక్కుతుందనీ కూడా వాళ్లు ప్రయోగాలు చేసి చూపించారు. నా కాగితం మీది ‘2,000 విలువ గల రేషన్ కిట్’ సంగతి ఇదే. ‘విలువ గల’ అన్నది నోట్లో నిలిచే మాట కాదు. అది రాలిపోయింది. ‘రెండు వేలు, రేషన్ కిట్’ మిగిలింది. ఈ మొత్తం కథలో అబద్ధం ఆడినవాడు ఒక్కడూ లేడు.

ఫోన్ చేసిన మార్పు

చెవిలో చెప్పే పుకారుకు ఒకరికి చెప్పాలంటే ఒకరు కావాలి. వాట్సాప్‌లో ఒక వేలు చాలు. ఈ లెక్క మాత్రం జబ్బు లెక్కకు దగ్గర. ఫార్వర్డ్ చేసినవాడు ఒకసారి చేసి మరిచిపోతాడు, పాత మనిషి తగిలేదాకా తిరగడు. అందుకే రాస్ గీత ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

ఉదాహరణకు వంద మంది గ్రూపు ఒకటి తీసుకోండి. అందులో 98 మంది మెసేజ్ చూసి ఊరుకున్నారు, ఇద్దరే ఫార్వర్డ్ చేశారు. ఒక్కొక్కరు ఐదు కొత్త గ్రూపులకు. ఒక గ్రూపు పది అయింది. ఆ పదీ అలాగే చేస్తే వంద, మూడో మెట్టుకు వెయ్యి గ్రూపులు. నూటికి 98 మంది బుద్ధిగా ఉన్నా ఇంతే. ఇప్పుడు ఆ ఇద్దరూ ఒక్కో గ్రూపుకే పంపగలరనుకోండి. రెండు, నాలుగు, మూడో మెట్టుకు ఎనిమిది. ఆ ఇద్దరిలో ఒకరు చేయి ఆపుకుంటే? ఒకటి, ఒకటి, ఒకటి. అక్కడక్కడే తచ్చాడి ఆరిపోతుంది. గీత అంటే ఇదే. ఇక్కడ తొంభై ఎనిమిది మంది మంచితనం కంటే ఆ ఒక్క చేయి లెక్కలో బరువైనది.

ఇది కాగితం మీది మాట కాదని 2018 చెప్పింది. ఆ వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న మెసేజ్‌లు తెలంగాణలో, ఆంధ్రలో, ఇంకా చాలా రాష్ట్రాల్లో తిరిగాయి. పిల్లలంటే ముఖ్యం, ఎవరా ముఠా అంటే అస్పష్టం. జూలై 13న హైదరాబాద్ నుంచి కొందరు మిత్రులు కారులో బీదర్ జిల్లాకు వెళ్లారు. దారిలో ఒకచోట బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అనుమానం రేగింది. ఎలాగో అక్కడి నుంచి బయటపడి కారెక్కారు. వాళ్ల వీడియో వాట్సాప్‌లో వాళ్లకంటే ముందు ముర్కి గ్రామం చేరింది. కారు వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా చెట్టు పడి ఉంది. ఆ మిత్రుల్లో ఒక యువ ఇంజనీరును గుంపు కొట్టి చంపింది. మాట కారు కంటే ఎంత వేగంగా వెళ్తుందో లెక్కగట్టడం కష్టమేమీ కాదు. నేను గట్టలేదు.

సరిగ్గా వారం తిరిగేలోపు వాట్సాప్ సంస్థ భారతదేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి ప్రకటించింది. 2019 జనవరిలో అది ప్రపంచమంతటికీ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో, ఎన్నో చేతులు మారి వచ్చిన మెసేజ్ అయితే ఒక్క చాట్‌కే అన్నారు. ఆ తర్వాత అలాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని సంస్థ చెప్పుకుంది. బ్రెజిల్, ఇండియా, ఇండొనేసియాల్లోని బహిరంగ గ్రూపుల మీద 2019లో పరిశోధకులు చేసిన లెక్క దీనికి కాస్త చేదు కలిపింది. పరిమితులు పుకారును బాగా నెమ్మది చేస్తాయి, కానీ జనం విపరీతంగా ఎగబడే మాటను పూర్తిగా ఆపలేవు. ఐదు గ్రూపులకు పంపినవాడు మళ్లీ ఇంకో ఐదింటికి పంపవచ్చుగా. నా దృష్టిలో నెమ్మది చేయడం చిన్న విషయం కాదు. ముర్కి దగ్గర ఒక గంట ఆలస్యమైనా కారు దాటిపోయేది.

ఆ జూలైలోనే మెసేజ్ మీద ‘ఫార్వర్డెడ్’ అన్న గుర్తు కూడా మొదలైంది. మంచిదే. కానీ ఇది ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చిందో ఆ గుర్తు చెప్పదు. హదీసు విద్య చదివినవారికి ఇది వెంటనే తట్టే లోటు. అక్కడ మాట ఒక్కటే సరిపోదు. ఎవరు ఎవరి దగ్గర విన్నారన్న గొలుసు మొత్తం పేర్లతో ఉండాలి. ఆ గొలుసులో ఒక్క కడియం తెగినా, ఒక్క మనిషి జ్ఞాపకశక్తి మీద అనుమానం ఉన్నా, మాట ఎంత బాగున్నా దాని స్థాయి తగ్గుతుంది. ఫోన్‌లో మనకు చేరేది గొలుసు తెంపేసిన మాట.

నా సవరణ ఎందుకు చేరలేదు

ఇప్పుడు నందికొట్కూరు ఆమె లెక్కకు వద్దాం. నలుగురు ఉందన్నారు, లేదన్నవారు సున్నా.

ఒకటి, నేను ఆలస్యం చేశాను. రాత్రి పదికి పుకారు సగం దాటి ఉంటుంది. అప్పటికి చాలామంది ‘మానేసినవాళ్ల’ వాటాలోకి వెళ్లిపోయారు. వాళ్లకు ఆ సంగతి పాతబడింది, దాని గురించి ఇంకెవరికీ ఏమీ చెప్పాలని లేదు. నా సవరణ చేరినా అక్కడే ఆగిపోయింది. సవరణ అంటే పుకారును చెరిపే రబ్బరు అని నేను అనుకున్నాను. లెక్క ప్రకారం అది మరో పుకారు. మొదటి నుంచి మొదలై, తన కాళ్ల మీద తాను ప్రతి చెవికీ నడవాలి. పైగా దాని కాళ్లు బలహీనం. ‘రెండు వేలు ఇస్తారు’ అన్న మాటను వదినకు చెప్పాలనిపిస్తుంది, ‘ఇవ్వరు’ అన్న మాటను చెప్పాలనిపించదు.

దీనికి పెద్ద ఎత్తున ఆధారం ఉంది. 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన, నిజమో అబద్ధమో పరిశీలక సంస్థలు తేల్చిన వార్తల వ్యాప్తిని ముగ్గురు పరిశోధకులు తీసుకున్నారు. సుమారు 1,26,000 గొలుసులు, 30 లక్షల మంది. 2018లో ‘సైన్స్’ పత్రికలో ఫలితం వచ్చింది. 1,500 మందికి చేరడానికి నిజానికి పట్టిన సమయం అబద్ధానికి పట్టినదానికి ఆరు రెట్లు. ఇదంతా యంత్రాల పనేమో అని బాట్‌లను తీసేసి మళ్లీ చూశారు. ఫలితం మారలేదు. చేసినది మనుషులే.

రెండు, పుకారు నడిచిన దారి వేరు, నా సవరణ నడిచిన దారి వేరు. పుకారు కొంత ఫోన్‌లో, కొంత నీళ్ల కుళాయి దగ్గర, కొంత బస్సులో నడిచింది. నాది ఫోన్‌లోనే ఉండిపోయింది. అదీ నాకు తెలిసినవాళ్ల గ్రూపుల్లో. టోకెన్ అవసరమే లేని ఇళ్లలో అది చక్కగా చేరింది.

తుంగభద్ర దాటితే జోగులాంబ గద్వాల జిల్లా. 2018లో అక్కడ ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఈ రెండు తప్పులూ చేయలేదు. పిల్లల ముఠా మెసేజ్‌లు ఊళ్లలో ముదరకముందే ఒక్కో ఊరికి ఒక్కో పోలీసును అప్పగించి, ఇళ్ల దగ్గరికి పంపి, డప్పు వేయించి, జానపద కళాకారులతో పాటలు పాడించి నాలుగువందల ఊళ్లకు విషయం చేర్చారు. మిగతాచోట్ల ప్రాణాలు పోతున్న ఆ వేసవి ఆమె పరిధిలో ఒక్క ప్రాణమూ పోలేదని పత్రికలు రాశాయి. డప్పు వల్లే ఆగిందని గణితం రుజువు చేయలేదు. పుకారు నడిచే దారిలోనే, దానికంటే ముందు నడిచారని మాత్రం చెప్పగలను.

ఎవరి ద్వారా నడవాలన్నది మిగిలిన ప్రశ్న. పరిచయాలు ఎక్కువున్న పెద్దమనిషికి చెబితే సరిపోతుందనుకుంటాం. మొరేనో, నెకోవీ, పచేకో 2004లో వేసిన లెక్క కొంచెం వేరేగా ఉంది. పదిమంది చుట్టూ ఉండేవాడికి పుకారు ముందే చేరుతుంది, ‘మాకు తెలుసు’ అనేవాళ్లూ ముందే తగులుతారు, కాబట్టి అతను త్వరగా చెప్పడం మానేస్తాడు.

అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని మన ఊళ్లలోనే పరీక్షించారు. కర్ణాటకలో 213 గ్రామాల్లో, ఆ తర్వాత హర్యానాలో 521 గ్రామాల్లో. ఊరివాళ్లను అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. ఏదైనా సంగతి అందరికీ చేరాలంటే ఎవరికి చెప్పాలి? జనం చెప్పిన ఆ పేర్లకు హర్యానాలో టీకా శిబిరాల సంగతి చెప్పారు. కొన్ని ఊళ్లలో మాత్రం ఎవరో ఒకరిని చీటీ తీసి చెప్పారు. జనం పేర్లు చెప్పినవాళ్ల ఊళ్లలో నెలనెలా టీకా వేయించుకున్న పిల్లలు 22 శాతం ఎక్కువ. గౌరవనీయులైన పెద్దల ద్వారా చెప్పిస్తే ఇంత ఫలితం రాలేదు. ఎవరి నోట మాట నిలవదో ఊరికి బాగా తెలుసు, అడగడమే మనకు తెలియదు.

ఈ ఏడు రంజాన్‌కు ముందు టోకెన్లు ఇవ్వడానికి వెళ్లిన ప్రతి ఇంట్లో ఆ ప్రశ్న అడిగాం. రెండు పేర్లు మళ్లీ మళ్లీ వచ్చాయి. ఒకటి ఇల్లిల్లూ తిరిగి గాజులమ్మే ఖాలాది, రెండోది బస్టాండు దగ్గర ఆటో నడిపే కుర్రాడిది. మా పదిమందిలో ఒక్కరి పేరూ రాలేదు. గోడ మీద అంటించబోయే కాగితాన్ని ముందుగా ఆ ఖాలాకు చదివి వినిపించాను. ‘రూ. 2,000 విలువ గల’ అన్నచోట ఆమె నన్ను ఆపింది.

“రెండు వేలని ఎందుకు రాయడం సార్? బియ్యం, పప్పు, నూనె అని రాయండి.”